విడుపు రాయి

పెన్న తూర్పుకు పోతూ పోతూ ఒక్కసారి ఉత్తరానికి మళ్ళే చోట, ఎర్రటి కొండ మీద నల్లటి రాతితో లేచిన నల్లగుండ్ల దుర్గం ఆ నది పొడవునా ఉన్న కోటలన్నిటిలోకీ పెద్దది. దక్షిణపు బాట మీద వచ్చే వర్తకుడికి ఆమడ దూరం నుంచే దాని బురుజులు కనిపించేవి. దగ్గరికి వచ్చేకొద్దీ బురుజుల మీది వరాహ ధ్వజాలు, నీళ్ళలో దిగిన ఏనుగుల వీపులు, కందకం మీది వంతెన, ఆ వంతెన దాటి సింహద్వారంలోకి సాగే బండ్ల బారులు ఒకదాని వెనుక ఒకటి తేటపడేవి. ద్వారం పక్కన మనిషెత్తు శిలాశాసనం ఒకటి ఉండేది. చదవడం వచ్చినవాడు ఆగి చదివేవాడు. రానివాడికి ద్వారపాలకుడు చదివి వినిపించేవాడు, ఎందుకంటే అందరికీ తెలియాలనే రాజుగారి తాత దాన్ని చెక్కించాడు.

"ఈ రాజ్యమున పెద్ద నేరము చేసినవారు ఈ కోటకు రాయి మోయుదురు. కోట ముగిసిన దినమున, కడపటి రాతిపై రాజు తన చేత పసుపు పూసి ముద్ర వేయగా, వారి చెర ముగియును. ఇది తప్పినవారు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోవుదురు."

అర్థంలో చిక్కేమీ లేదు. తాతగారి లెక్కలో కోట కట్టడానికి పదేళ్ళో పన్నెండేళ్ళో పడుతుంది. నేరం చేసినవాడు ఆ కాలమంతా చెమటోడ్చి, తల నెరవకముందే ఇంటికి పోతాడు. ఆ కడపటి రాతికి చెరవాళ్ళు విడుపు రాయి అని పేరు పెట్టుకున్నారు.

తాత పోయాడు. కొడుకు ఏలాడు, పోయాడు. మనవడు గన్నభూపతి సింహాసనం మీద ఉన్నాడు. కోట మాత్రం ముగియలేదు. ముగియలేదనడం కంటే ముగియనివ్వలేదనడం సరి. మూడుసార్లు కడపటి రాయి దాకా వచ్చింది. మూడుసార్లూ విప్పించారు.

విప్పించినవాడు మహాప్రధాని విస్సనామాత్యుడు. ఈశాన్యపు మూలలో గోడ నిండుగా లేచి, ఇక ఒక్క రాయి పెడితే చాలు అన్న రోజున ఆయన వాస్తు పండితులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. వాళ్ళు తాడు పట్టి కొలిచేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆ తర్వాత మంత్రి విచారంగా తల ఊపి ప్రకటించేవాడు: "ఈశాన్యంలో బరువు పెరిగింది. రాజవంశానికి చేటు. విప్పండి." విప్పిన రాళ్ళు కొంతకాలం అక్కడ పడి ఉండేవి. ఆ తర్వాత అవే రాళ్ళను అవే మనుషులు మోసి, నగరం నడిబొడ్డున మంత్రిగారి మేడకు అంతస్తు మీద అంతస్తు లేపేవారు. ఆ మేడ ఈశాన్యంలో ఏనాడూ ఏ దోషమూ కనపడలేదు. మూలకు మళ్ళీ కొండ నుంచి కొత్త రాయి కొట్టాల్సి వచ్చేది. చెర కొనసాగేది.

ఆ యేడు నాలుగోసారి విప్పుతున్నారు.

పలుగు పట్టి రాళ్ళు పెకలిస్తున్నవాళ్ళలో పోలయ్య ఒకడు. ఇరవయ్యో యేట, బీడులో గొడ్ల మేత దగ్గర జరిగిన గొడవలో, పక్క పల్లెవాడి నెత్తిన కర్రతో కొట్టాడు. వాడు మూడో రోజు చచ్చిపోయాడు. పోలయ్య తాను కొట్టలేదని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అతనికి నలభై దాటాయి. కుడిచేతి చిటికెన వేలు లేదు.

"ఒరే పోలా, ఆ రాయి కింద పడుంటది చూడు నీ వేలు, ఏరుకో," అన్నాడు పక్కనున్న ముత్తడు. వాడు ఎద్దును దొంగిలించి వచ్చిన ముసలివాడు.

"నా వేలు మంత్రిగారి మేడలో ఉంది మామా. రెండో అంతస్తు, మెట్ల పక్కన."

"అయితే నువ్వు మేడలో కాపురమున్నట్టే కదరా. మాకు చెప్పనేలేదే!"

నవ్వారు. ఆ నవ్వు విని, గోడ మీద తిరుగుతున్న దళవాయి కేతినాయుడు ఆగాడు. రాజ్యపు సైన్యమంతా ఆయన చేతి కింద ఉండేది. ఇరవై ఏళ్ళ కిందట చిన్న దళపతిగా ఉన్నప్పుడు పోలయ్యను పట్టి తెచ్చినవాడు ఆయనే. సింహద్వారం దగ్గర శాసనం చదివి వినిపించి, "కోట ముగిసిన రోజున నీ చెర ముగుస్తుంది. ఇది రాజు మాట. నా మాట కూడా," అని చెప్పినవాడూ ఆయనే.

"ఎందుకు విప్పుతున్నారు?" అని అడిగాడు దళవాయి, తెలియక కాదు.

ముత్తడు చేతులు జోడించాడు. "విస్సన్న చెప్పింది వేదం కదా దొరా!"

పోలయ్య పలుగు కింద పెట్టలేదు. "దొరా, నేను ఒకణ్ణి చంపాను. ఒక్కసారి చంపాను. ఈ గోడను నాలుగుసార్లు కట్టాను. పదహైదేళ్ళని చెప్పి ఉంటే పదహైదేళ్ళు మోసేవాణ్ణి. చచ్చేదాకా అని చెప్పి ఉంటే ఆశ పడకుండా మోసేవాణ్ణి. ముగిసిన రోజున అన్నారు. మీరే అన్నారు."

ఆ రోజు నుంచి సైన్యం సమీక్షకు వచ్చినప్పుడల్లా దళవాయి ఆ ఖాళీ మూల వైపు చూసి, ఏటి అవతల నుంచి ఎవడు చూసినా ఇదే కనపడుతుంది కదా అనుకునేవాడు.

చూశారు. వానలు మొదలయ్యే ముందు ఉత్తరాన ఉన్న కుంభగిరి రాజు తన బలగంతో పెన్న దాటి వచ్చి, దక్షిణ ద్వారాన్ని గానీ పడమటి బురుజులను గానీ పట్టించుకోకుండా, నేరుగా ఈశాన్యానికి ఎదురుగా డేరాలు వేశాడు. కోటంతా ఒక ఎత్తు, ఆ మూల ఒక ఎత్తు. అక్కడ గోడ నడుము ఎత్తు కూడా లేదు. చుట్టుపక్కల పల్లెల జనం గొడ్లనూ పిల్లలనూ తోలుకుని కోటలోకి వచ్చి పడ్డారు.

సభలో దళవాయి చెప్పినది కొంచెమే. "ప్రభూ, ఆ మూలను సైనికులతో కాచుకోగలను, కొన్నాళ్ళు. గోడ లేస్తేనే కోట నిలుస్తుంది. బాణాల కింద నిలబడి రాయి మీద రాయి పెట్టగలవాళ్ళు ఈ కోటలో చెరవాళ్ళు తప్ప మరెవరూ లేరు. వాళ్ళు కడతారు. ఒక్కటే అడుగుతున్నారు. ఈసారి విప్పకూడదు. కట్టిన రోజున శాసనంలో ఉన్నది జరగాలి."

గన్నభూపతి చెడ్డవాడు కాడు. అన్నదమ్ములందరినీ కాదని తనను గద్దెనెక్కించిన మంత్రి ముఖం చూడకుండా ఏ మాటా అనలేనివాడు, అంతే. అలవాటుగా అటు చూశాడు.

విస్సనామాత్యుడు లేచాడు. "ప్రభూ, వాళ్ళు హంతకులు, దొంగలు. దండన అంటే భయం. ఆ భయం మీదే రాజ్యం నిలిచి ఉంది. ఈరోజు ఒక హంతకుణ్ణి విడిస్తే రేపు ప్రతి ఊళ్ళోనూ కర్రలు లేస్తాయి. దళవాయిగారికి చెరవాళ్ళ కన్నీళ్ళు కనపడుతున్నాయి. చచ్చినవాళ్ళ తల్లుల కన్నీళ్ళు ఎవరు చూడాలి? నేను చూశాను. తీసుకువచ్చాను కూడా."

ఆయన చెయ్యి ఊపగానే భటులు ఒక ముసలామెను సభలోకి తెచ్చారు. పేరు లింగమ్మ. పోలయ్య చేతిలో చచ్చినవాడి తల్లి. పల్లె వదిలి కోటలో తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళలో ఆమెను వెతికి పట్టుకున్నారు.

"చెప్పు తల్లీ," అన్నాడు మంత్రి మెత్తగా. "నీ కొడుకును చంపినవాణ్ణి విడిచిపెడతారట. నీ మనసులో మాట రాజుగారికి చెప్పు. భయపడకు."

లింగమ్మ సభ నలువైపులా చూసింది. "విడిచేది ఎవర్ని? పోలిగాణ్ణా?"

"వాణ్ణే."

"నేను వాణ్ణి క్షమించలేదు సామీ. కాటికి పోయేదాకా క్షమించను. నాకు ఒక్కడే కొడుకు." ఆమె చూపు మంత్రి మీద నిలిచింది. "నన్ను తోలుకొస్తా వస్తా మీ మేడ ముందు నుంచి తెచ్చారు. ఎన్ని అంతస్తులో! ఎవరు కట్టారయ్యా అని మీ భటుణ్ణే అడిగా. చెరవాళ్ళు అన్నాడు. ఇరవై ఏళ్ళు వాడి చేత రాళ్ళు మోయించారే, ఆ రాళ్ళతో నా కొడుకు లేచొచ్చాడా? మీ మేడ లేచింది. వాణ్ణి ఉంచితే ఉంచండి, పంపితే పంపండి, అది మీ ధర్మం. నా కొడుకు పేరు చెప్పి మాత్రం మీరు ఇల్లు కట్టుకోవద్దు. నోరు కాలిపోద్ది."

మంత్రి కూర్చున్నాడు. భటుడు లింగమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆమె విదిలించుకుని తానే నడిచి వెళ్ళిపోయింది.

గన్నభూపతి తన వేలి నుంచి రాజముద్రిక తీసి దళవాయికి ఇచ్చాడు. "ఈ ముట్టడి ముగిసేదాకా నీ మాటే నా మాట. కట్టించు."

మంత్రి నవ్వి ఊరుకున్నాడు. ముట్టడి ముగిశాక ఏం చేయాలో ఆయనకు తెలుసు.

చెరవాళ్ళు ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టారు. కాళ్ళకు సంకెళ్ళు ఉన్నాయి, కోట ముగిసేదాకా తీయడానికి వీల్లేదని మంత్రి శాసనం చూపి కమ్మరులను కట్టడి చేశాడు. రాయిని దుంగల మీద దొర్లించి, మోకులు కట్టి ఎత్తి, బెల్లపు నీళ్ళు పోసి నూరిన సున్నం పట్టించి నిలబెట్టారు. శత్రువుల విలుకాళ్ళు గుట్ట మీద కూర్చుని, తీరిగ్గా గురి చూసి కొట్టారు. సంకెలతో ఉన్నవాడు పక్కకు దూకలేడు. ఒక్కొక్కడు పడ్డప్పుడల్లా వెనకవాడు ముందుకు వచ్చి ఆ రాయికే చెయ్యి వేశాడు. రాళ్ళు చాలకపోతే దళవాయి ముద్రిక చూపించి మంత్రిగారి మేడ పై అంతస్తు విప్పించాడు. మంత్రి ఇంటి ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టారు. చెరవాళ్ళు ఎన్నడూ అంత హుషారుగా రాళ్ళు మోయలేదు.

"జాగ్రత్తరా పోలా," అన్నాడు ముత్తడు, మెట్ల పక్కది ఒకటి దింపుతూ. "నీ వేలు కనపడితే చెప్పు." ఆ రాయిని గోడ దాకా చేర్చాడు గానీ ఎక్కించలేకపోయాడు. బాణం మెడలో దిగింది. పోలయ్య అతణ్ణి పక్కకు పడుకోబెట్టి, రాయి ఎక్కించి, తిరిగి వచ్చేసరికి ప్రాణం పోయింది.

వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం విడుపు రాయి కూర్చుంది. సైనికులు గోడ మీద నిలబడి చూస్తున్నారు. పల్లెల జనం కింద నిలబడి చూస్తున్నారు. పోలయ్య రాయి పక్కన నిలబడి, రెండు చేతులూ దాని మీదే ఉంచి, దళవాయి వైపు చూశాడు. నాలుగుసార్లు ఇక్కడి దాకా వచ్చినవాడు అతను.

దళవాయి పసుపు తెప్పించాడు. తన చేత్తో రాయి నిండా పూశాడు. ముద్రికతో నొక్కాడు. పచ్చటి పసుపులో వరాహం అచ్చు పడింది. తర్వాత కమ్మరిని పిలిచి సమ్మెట తీసుకుని, మొదటి సంకెల తానే పగలగొట్టాడు.

"కోట ముగిసింది. మీ చెర ముగిసింది. నీటి ద్వారం తెరిచి ఉంది. పోయేవాళ్ళు పోవచ్చు. ఆపేవాడు ఎవడూ లేడు."

కొందరు వెళ్ళారు. ఇంటి మీద బెంగ ఉన్నవాళ్ళు, గాయపడ్డవాళ్ళు. వాళ్ళను ఎవరూ తప్పుపట్టలేదు. మిగిలినవాళ్ళు పలుగులూ సమ్మెటలూ తీసుకుని గోడ మీదికి ఎక్కారు.

"నువ్వు పోవేంరా?" అని అడిగాడు దళవాయి పోలయ్యను.

"ఈ గోడను మళ్ళీ ఎవడైనా ముట్టుకుంటాడేమో చూడాలి దొరా. ఈసారి లోపలివాడైనా సరే, బయటివాడైనా సరే."

కుంభగిరి సైన్యం వానల్లో తడుస్తూ ఆ గోడకు తలలు కొట్టుకుంది. జ్వరాలు పట్టుకున్నాయి, దాణా అయిపోయింది. ఏరు పూర్తిగా పొంగకముందే డేరాలు విప్పుకుని నది దాటి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నగరమంతా దీపాలు పెట్టారు. చెరవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఒక్కొక్కడుగా, దళవాయికి దండం పెట్టి, ఎవరి దారిన వాళ్ళు.

విజయోత్సవ సభలో కవులు పద్యాలు చదివారు. అవి ముగియగానే మంత్రి లేచాడు.

"ప్రభువుల జయం మనందరి భాగ్యం. ఒక్క సందేహం. శాసనంలో రాజు తన చేత పసుపు పూయాలని ఉంది. దళవాయి చేత అని లేదు. ముద్రిక ఇచ్చింది యుద్ధానికి గానీ క్షమాభిక్షకు కాదు. కాబట్టి పసుపు చెల్లదు. కోట ముగియలేదు. ఆ మనుషులు ఇప్పుడు పారిపోయిన బందీలు. వాళ్ళను పట్టి తేవలసినది దళవాయిగారే."

గన్నభూపతి చాలాసేపు తన ఉంగరం వేలు రుద్దుకున్నాడు. చివరికి, "మంత్రి చెప్పిందీ నిజమే కదా, దళవాయీ," అన్నాడు.

దళవాయి కత్తి విప్పి రాజు పాదాల దగ్గర పెట్టాడు. దాని పక్కనే ముద్రిక.

"ప్రభూ, నేను ఎవరినీ క్షమించలేదు. క్షమించమని వాళ్ళెవరూ నన్ను అడగలేదు. తమరి తాతగారు రాతి మీద చెక్కించిన మాట ఒకటి ఉంది, దాన్ని జరిపించాను. దొంగ ఒకసారి దొంగిలించాడు. ఆ దొంగ బతుకును ఈ కోట ప్రతి యేడూ దొంగిలించింది. హంతకుడికి శిక్ష వేసే హక్కు రాజుకు ఉంది. వేసిన శిక్షకు చివర లేకుండా చేసే హక్కు లేదు. ఉందంటే ఆ శాసనం పగలగొట్టించండి, సింహద్వారంలో అబద్ధం నిలబెట్టకండి. వాళ్ళను తెమ్మన్నారు. నా సైనికులు వాళ్ళ పక్కన నిలబడి యుద్ధం చేశారు, ఒక్కడు కూడా కదలడు. కదలమని నేను చెప్పను. నా కత్తి తమరి మీదికి లేవదు, అది ప్రమాణం. వాళ్ళు నా మాట మీద వెళ్ళారు. మాట చెల్లకపోతే ఆ సంకెల నాకు వేయండి."

వేస్తారని సభలో ఎవరూ అనుకోలేదు. "దళవాయిగారి కోరిక న్యాయంగానే ఉంది," అన్నాడు మంత్రి. రాజు కళ్ళు దించుకున్నాడు. దించుకున్న కళ్ళనే ఆజ్ఞగా తీసుకుని కమ్మరిని పిలిచారు.

వానలు వెలిశాక పండితులు తాడు పట్టుకుని వచ్చారు. ఈశాన్యంలో బరువు పెరిగిందని తేలింది. మూల విప్పడానికి మనుషులు లేకపోతే నేరాలను పెంచారు. పొరుగువాడి చేలో గొడ్డు పడితే పెద్ద నేరం, సంతలో తూకం తప్పితే పెద్ద నేరం, మంత్రి పల్లకీకి దారి ఇవ్వకపోతే పెద్ద నేరం. అలా కొత్త చెరవాళ్ళు వచ్చారు. పసుపు పూసిన రాయి మంత్రిగారి మేడ పై అంతస్తుకు చేరింది. కేతినాయుడు వాళ్ళతో పాటు రాళ్ళు మోశాడు. పాత సైనికులు ఆయన ఎదురుపడకుండా చుట్టు తిరిగి వెళ్ళేవారు.

ఆయన దగ్గరికి వచ్చేది లింగమ్మ ఒక్కతే. సంత రోజున వచ్చి, జొన్నరొట్టెల మూట కాపలావాడి ముందే ఇచ్చేది.

"నీకెందుకమ్మా ఈ శ్రమ?" అని ఆయన ఒకసారి అడిగాడు.

"నేను పెట్టింది కాదు నాయనా. పోలిగాడు పండించింది. వచ్చి నా గడపలో కూలబడ్డాడు, నన్నేం చేస్తావో చెయ్యమని. ఏం చెయ్యను? నా కొడుకు చేలో తోలాల్సిన మడక తోలరా అన్నా. తోలుతున్నాడు. వాడి మొహం చూస్తే ఇప్పటికీ కడుపు మండుద్ది. గింజలు మాత్రం ఇంటికొస్తున్నాయి." ఆమె గోడ వైపు చూసింది. "మళ్ళీ విప్పారా?"

"విప్పారు."

"వీళ్ళ చేతులు పడిపోనూ."

కుంభగిరి రాజు ఈసారి కోతల కాలంలో వచ్చాడు. డేరాలు వేయలేదు. ముట్టడి అవసరమే రాలేదు. ఆయన ఏనుగులు ఈశాన్యం మూల నుంచి నేరుగా నడిచి లోపలికి వచ్చాయి. ఆ ఖాళీలో, సంకెల కాలితో, చేతిలో పలుగుతో, కేతినాయుడు కాసేపు నిలబడ్డాడు. ఆయన వెనుక తూకం తప్పిన వర్తకులూ గొడ్లు తప్పిన రైతులూ ఉన్నారు. పారిపొమ్మని వాళ్ళకు చెప్పాడు. తాను మాత్రం, రాజుపై కత్తి ఎత్తనన్న ప్రమాణం చివరిదాకా నిలుపుకుని, ఆ రాజు కోసం గోడ దగ్గరే చనిపోయాడు. పోలయ్య ఆ సంగతి విని కోటకు వచ్చి, కొత్త ప్రభువుల భటులను బతిమాలుకుని, శవాన్ని భుజాన వేసుకుని తీసుకుపోయాడు. తీసుకుపోయే ముందు రాయితో కొట్టి కొట్టి ఆ సంకెల పగలగొట్టాడు.

విజేత సింహద్వారం దగ్గర ఏనుగు ఆపి శాసనం చదివించుకున్నాడు. రెండోసారి కూడా చదివించుకున్నాడు.

"మంచి శాసనం," అన్నాడు. "ఉండనివ్వండి."

దాన్ని ఎలా జరిపించాలో తెలిసినవాడు ఒకడు కావాలి. విస్సనామాత్యుడు చేతులు కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆయన పదవి ఆయనకే ఇచ్చారు.

కొత్త ప్రభువుల ఏలుబడిలో మొదటి సంకెల గన్నభూపతికి పడింది. రాజవస్త్రాలు ఊడదీసి, శాసనం చదివి వినిపించి, ఈశాన్యం మూలకు తోలారు. మెత్తటి చేతులు మొదటి రోజే పగిలాయి. కొన్ని నెలలకు గోడ భుజం ఎత్తు దాటింది. ఒక ఉదయం మంత్రి పల్లకీ అటుగా వచ్చి ఆగింది. మాజీ రాజు రాయి దించి, రొప్పుతూ, పల్లకీ దగ్గరికి వెళ్ళాడు.

"మంత్రీ, ఇంక ఎంతో లేదు కదా? ఎప్పుడు ముగుస్తుంది?"

విస్సనామాత్యుడు తెర పక్కకు తీసి గోడను కింది నుంచి మీదికి పరిశీలనగా చూశాడు.

"త్వరలోనే, గన్నయ్యా," అన్నాడు. "ఈశాన్యంలో కొంచెం బరువు పెరిగింది. అంతే."